వాటా మేలా, కాటా మేలా?

పండగ దగ్గరపడుతుంటే మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వినపడే మాట ఒకటుంది: "వేటలో వాటా ఉంటావా?" వేటంటే ఇక్కడ కోతకు తెచ్చే మేకపోతో, పొట్టేలో. నాలుగైదిళ్ళవాళ్ళు కలిసి మేకపోతునో పొట్టేలునో తెచ్చి, కోయించి, పోగులు పెట్టుకుంటారు. ఇప్పుడు పట్నంలో ఉన్నవాళ్ళు కూడా మాంసమే కాకుండా బియ్యం, మామిడికాయలు, చింతపండు నేరుగా రైతు దగ్గర టోకుగా తీసుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. అన్నిటికీ ఒకే జవాబు లేదు.

ముందు మాంసం సంగతి. వాటా అంటే చవక అనుకుంటారు గానీ, లెక్క వేసి చూస్తే అంత తేడా రాదు. బతికున్న పోతు 20 కిలోలుంటే ఎముకతో కలిపి మాంసం ఇంచుమించు 9 నుంచి 10 కిలోలు తేలుతుంది. అది 9,000కి కుదిరి, 10 కిలోలు తేలి, ఎనిమిదిళ్ళు పంచుకున్నాయనుకోండి. ఇంటికి 1,125 రూపాయలు, కిలోంబావు మాంసం. అంటే కిలో 900 పడింది. కోసినాయన కూలి అదనం. ఇంత శ్రమ పడ్డాక పట్నం ధరకు దగ్గరలోనే ఆగామన్నమాట. కలిసొచ్చేదల్లా తల, కాళ్ళు, బోటీ, కార్జం. దుకాణంలో వాటిని విడిగా కొనాలి, వాటాలో ఆ డబ్బులోనే వస్తాయి. ఇంట్లో బోటీ ముట్టనివాళ్ళు, తలకాయ కూర వద్దనేవాళ్ళు ఉంటే వాటాలో మీకు మిగిలేదేమీ లేదు, కాటా మీదే కొనుక్కోండి.

మరి వాటా ఎందుకంటే, ఏం తింటున్నామో కళ్ళారా చూస్తాం కాబట్టి. పోతును తాటాకు మంట మీద కాల్చి, గీకి, పసుపు రాసి కడిగాక ముక్కలు కొడతారు. ఆకులు వరసగా పరిచి ఒక్కో ఆకు మీద తొడ ముక్క కొంత, పక్కటెముక కొంత, మెడ ముక్క కొంత వేస్తారు. కార్జం ముక్కను సైతం ఎన్ని పోగులుంటే అన్ని ముక్కలు చేస్తారు. ఒక పోగులో ఎముక ఎక్కువైందనిపిస్తే పక్కదాంట్లోంచి మెత్తని ముక్క తీసి ఇందులో వేస్తారు. ఆ తర్వాత ఒకరిని అటు తిరిగి నిలబడమని, "ఈ పోగు ఎవరికి?" అని అడుగుతారు. ఎవరి పేరు చెబితే వాళ్ళదే ఆ పోగు, ఇంక మాటుండదు. ఆదివారం పూట దుకాణం ముందు గుంపులో నిలబడి "మంచి ముక్క వెయ్యి బాబూ" అని ఎంత బతిమాలినా ఈ న్యాయం దొరకదు.

అయితే జంతువును మీలో ఒకరైనా బతికుండగా చూడాలి. నారాయణవలస, అలమండ లాంటి పశువుల సంతలకు వెళ్ళేవాళ్ళకు ఈ చూపు బాగా ఉంటుంది. చక్కగా నిలబడి మేత మేస్తోందా, నెమరు వేస్తోందా, ముక్కు కారుతోందా, తోక కింద శుభ్రంగా ఉందా చూసుకోవాలి. పడిపోయిందని, ఇవాళో రేపో పోయేలా ఉందని చవకగా ఇస్తామంటే ఎంత తక్కువైనా వద్దు. పశువుల నుంచి మనుషులకు అంటే ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన జబ్బు అలాంటి మాంసంతో రావచ్చు. మున్సిపాలిటీ కబేళాలో పశువైద్యుడు చూసి ముద్ర వేస్తాడు. పల్లెలో వాటా వేసినప్పుడు ఆ బాధ్యత మనదే. కొనే ముందు పశువైద్యుడికి చూపించుకోగలిగితే ఇంకా మంచిది. దుకాణంలో కొన్నా ఆ ముద్ర ఉందో లేదో అడగండి.

పట్నంలో కొందరు సగం పొట్టేలు తెచ్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుందామంటున్నారు. దీన్ని నేను గట్టిగా కాదంటాను. మన వాటా పద్ధతిలో ఉన్న తెలివే అది: ఏ ఇంటి మాంసం ఆ పూట ఆ ఇంట్లో అయిపోవాలి. మాంసం ఎక్కువైతే ఇళ్ళను పెంచుకుంటారు గానీ నిలవ పెట్టరు. పైగా మనది తుఫాన్ల తీరం. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ మూత తీయకుండా ఉంచితే కరెంటు లేకపోయినా సుమారు రెండు రోజులు ఆగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో చాలా ఊళ్ళు అంతకంటే ఎక్కువ రోజులు చీకట్లోనే ఉన్నాయి. కాబట్టి ఫ్రీజర్ కొనే బదులు ఇంకో నాలుగిళ్ళను కలుపుకోండి. ఇద్దరే ఉండే ఇంటికి, అదీ మామూలు ఆదివారాలకు, అరకిలో కాటా మీద తెచ్చుకోవడమే మేలు. కనుమకో, ముక్కనుమకో, అమ్మవారి పండక్కో చుట్టాలొచ్చినప్పుడు వాటా.

పంటల దగ్గర మాత్రం నా ఓటు టోకుకే, అదీ నిలవుండే వాటికి. బియ్యమే తీసుకోండి. 75 కేజీల ధాన్యం బస్తా మరపట్టిస్తే దగ్గరదగ్గర 50 కేజీల బియ్యం వస్తాయి. ఊకా తవుడూ మీవే. రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు పండించే రైతు తెలిసినవాడైతే సంక్రాంతికి ధాన్యంగానే తీసుకుని, ఆరు నెలలు ఆగి మరపట్టించుకోండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పాతబడిన కొద్దీ పలుకుగా వస్తుంది. చింతపండు, పసుపు, గుమ్మడి, కంద, ఆవకాయకు మామిడికాయలు, పలాస వైపు జీడిపప్పు కూడా ఇలాగే. సువర్ణరేఖ పండ్లు బుట్ట తెస్తే మాత్రం నాలుగిళ్ళు పంచుకోవాలి, అన్నీ ఒక్కసారే పండిపోతాయి. ఆకుకూర, వంకాయ, బెండకాయల కోసం టోకు పెట్టుకోవద్దు. 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి, పొద్దున్నే వెళ్తే సరి.

రైతుకు ముందే డబ్బిచ్చి వాటా మాట్లాడుకునేవాళ్ళు ఒక సంగతి ముందే తేల్చుకోవాలి: తుఫానొస్తే నష్టం ఎవరిది? తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. ఏళ్ళ తరబడి పెంచుకున్న చెట్లు ఒక్క రాత్రిలో పోతే, ఆ రైతు దగ్గరకు వెళ్ళి మా అడ్వాన్సు మాకివ్వమనడం నా దృష్టిలో తప్పు. ఆకుమడికి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి: పండితే బస్తా ఇంతకు తీసుకుంటాం, పోతే ఇచ్చినదాంట్లో సగం వదిలేస్తాం, మిగతా సగం వచ్చే పంటలో సర్దుబాటు చేసుకుందాం అని. ఆ మాటకు సిద్ధంగా లేనివాళ్ళు అడ్వాన్సు జోలికి పోకుండా, కోతలయ్యాక కళ్ళం దగ్గరికెళ్ళి డబ్బు పెట్టి కొనుక్కోండి.