రోజుకు పదిహేను నిమిషాల ఇంటి శుభ్రత: కొన్నేళ్లు పాటించిన తరువాత

ఇంటిని భాగాలుగా విడదీసుకొని రోజుకు పదిహేను నిమిషాల చొప్పున శుభ్రం చేసుకునే పద్ధతిని అమెరికాకు చెందిన మార్లా సిల్లీ ‘ఫ్లైలేడీ’ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఇల్లంతటినీ అయిదు జోన్లుగా విభజించడం, నెలలో ఒక్కో వారం ఒక్కో జోను సంగతి చూడటం, టైమరు మోగగానే పని ఆపేయడం, అన్నిటికన్నా ముందు వంటింటి సింకును తళతళలాడేలా ఉంచుకోవడం అందులోని ముఖ్య నియమాలు. హైదరాబాదులోని మా రెండు పడకగదుల ఫ్లాటులో, ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్తూ, బడికి వెళ్లే బాబు, మా అత్తగారు ఉన్న ఇంట్లో నేను దీన్ని కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. పద్ధతి మంచిదే, కానీ మన దుమ్ముకూ మన నీళ్లకూ మన వారాలకూ సరిపడేలా మార్చుకున్న ఇంట్లోనే అది నిలుస్తుందని నా నమ్మకం.

ఏ మార్పూ అవసరం లేకుండా నిలిచినది సింకు నియమం. పనమ్మాయి పొద్దున వచ్చి తోముతుంది కదా అని రాత్రి అంట్లన్నీ సింకులోనే వదిలేయడం చాలా ఇళ్లలో అలవాటు. మేము ఎంగిలి తీసేసి, గిన్నెలను ఒకసారి తొలిచి, వాష్ ఏరియాలోని టబ్బులో సర్దేస్తాము. ఆ తరువాత సింకును పీచుతో రుద్ది, కడిగి, జాలీలో చిక్కిన మెతుకులు తీసి, చివరికి పొడిగుడ్డతో తడి లేకుండా తుడుస్తాము. ఆ చివరి తుడుపే అసలైన పని. బొద్దింకలు తిండి లేకపోయినా చాలా రోజులు బతుకుతాయి గానీ నీళ్లు లేకుండా అన్ని రోజులు బతకలేవు. రాత్రంతా సింకు పొడిగా ఉండటం మొదలయ్యాక మా వంటగట్టు కింద వాటి బెడద బాగా తగ్గింది.

నిలవనిది వారానికొక జోను అన్న లెక్క. రోడ్డు పక్క ఫ్లాటులో కిటికీ మెష్ మీద, ఫ్యాన్ రెక్కల మీద చేరే దుమ్ము తన వారం వచ్చేదాకా ఆగదు. బోరు నీళ్లు వాడే స్నానాలగది పరిస్థితి ఇంకా కష్టం. ఉప్పునీటిలోని కాల్షియం కుళాయిల చుట్టూ తెల్లని పొరగా పేరుకుంటుంది, ఎంత ఆలస్యం చేస్తే అంత గట్టిపడుతుంది. అందుకే నెలలోని వారాల స్థానంలో వారంలోని రోజులను పెట్టాను. సోమవారం స్నానాలగదులు, బుధవారం ఫ్రిజ్, పప్పుల డబ్బాలున్న అరలు, శనివారం బూజు, ఫ్యాన్లు. మంగళ, శుక్రవారాల్లో బూజు దులపడం, దీపం పెట్టాక ఊడ్వడం మా అత్తగారికి ఇష్టం ఉండదు. “ఆ రెండు రోజులూ చీపురుకర్ర ముట్టుకోకమ్మా, మిగతావి నీ ఇష్టం” అన్నారు, పట్టిక ఆ మాటకు తగినట్టే కుదిరింది. గురువారం నేను కొత్తగా పెట్టవలసిన పనేమీ లేకపోయింది, ఎందుకంటే శుక్రవారం పూజ కోసం ఆవిడ ముందు నుంచీ ఆ రోజే ఇత్తడి, రాగి సామాను చింతపండుతో తోముతారు. ఇంట్లో అప్పటికే ఉన్న అలవాటును పట్టుకొని పక్కన ఇంకో చిన్న పని చేరిస్తే అది ఎవరికీ బరువనిపించదు.

ఆదివారం నిలవనీళ్ల రోజు. ఇంట్లో, చుట్టుపక్కల నిలిచిన నీళ్లను పారబోసుకోమంటూ 2020 మే నెలలో తెలంగాణ పురపాలక శాఖ ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. డెంగీని మోసే దోమ గుడ్డు దశ నుంచి రెక్కలు వచ్చేదాకా ఎదగడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికొకసారి నీళ్లు పారబోస్తే ఆ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. కూలరు తొట్టి, పూలకుండీల కింది పళ్లాలు, ఫ్రిజ్ వెనుక ట్రే బాబు బాధ్యత. ఆ ట్రే సంగతి చాలామందికి గుర్తే ఉండదు.

సామగ్రి గురించి కొంత గట్టిగానే చెప్పాలి. కుళాయిల మీది తెల్లపొరకు నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను పావుగంట చుట్టి ఉంచితే చాలు. కానీ తాండూరు, బేతంచెర్ల బండల మీద నిమ్మఉప్పు గానీ, బాత్రూం ఆసిడ్ గానీ పడనీయకూడదు. అవి సున్నపురాళ్లు కాబట్టి ఆమ్లం పడిన చోట నునుపుపోయి మచ్చ మిగిలిపోతుంది. పాలరాయిదీ ఇదే సంగతి. బ్లీచింగ్ పౌడరునూ టాయిలెట్ శుభ్రం చేసే ఆసిడ్‌నూ ఏ పరిస్థితిలోనూ కలపకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసి ఉన్న స్నానాలగదిలో అది ప్రాణాంతకం. మా ఇంట్లో ఆ రెండింటినీ ఒకే అరలో ఉంచము.

పనమ్మాయి నాగా పెట్టిన రోజు పదిహేను నిమిషాలూ అంట్లకూ ఊడ్వడానికీ పోతాయి. ఆ రోజు వంతు పనిని మరునాటికి జరపకుండా వచ్చే వారానికి వదిలేస్తాము. వెనకబడ్డ పనిని అందుకోవాలని పరుగెత్తకుండా, ఉన్న చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టమన్నది మూలపద్ధతిలోని సలహాయే, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినదీ అదే. దాన్ని వదిలితే ఎంత మంచి పట్టికైనా నెల తిరగకుండానే గోడమీద కాగితంగా మిగిలిపోతుంది. పని పేరు పక్కన చేసేవారి పేరు కూడా రాసి ఉండాలి. రాయనంత కాలం అన్ని పనులూ ఇంటి ఆడవాళ్ల మీదికే వస్తాయి. మా ఆయన పేరు సోమవారం ఎదుట రాశాక స్నానాలగదుల గురించి నేను గుర్తుచేయవలసిన అవసరం రాలేదు.

ఈ పద్ధతికి అందని పనులూ ఉన్నాయి. జిడ్డు పట్టిన చిమ్నీ ఫిల్టర్లను వేడినీళ్లలో వంటసోడా, గిన్నెల సబ్బు వేసి నానబెట్టి రుద్దడానికి పావుగంట చాలదు. వాటికి నెలకొక ఆదివారం పూట విడిగా కేటాయించాను. అటక మీది సామాను, పరుపుల కింది పెట్టెలు, కర్టెన్లు మాత్రం ఇప్పటికీ సంక్రాంతికి ముందే దిగుతాయి, ఆ రోజు ఇంటిల్లిపాదీ కూడా పనిలోకి దిగవలసిందే.