ముఖానికి ఏది మేలు: ఆస్టాజాంతినా, విటమిన్ సీయా?

పర్లాకిమిడి నుంచి మా వదిన ఫోను చేసే వేళకు నేను బరంపురంలో చిలికా రొయ్యలు ముందు వేసుకుని కూర్చున్నాను. "నాచు నుంచి తీసిన ఎర్ర సీరమట, విటమిన్ సి కంటే 6000 రెట్లు గొప్పదట, కొననా?" అంది. సగం జవాబు నా మూకుడులోనే ఉంది. బూడిద రంగు రొయ్య నూనెలో పడగానే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపే ఆస్టాజాంతిన్. పచ్చి రొయ్యలో అది ఒక ప్రొటీన్‌కు అతుక్కుని నీలి బూడిద రంగులో దాగి ఉంటుంది. వేడికి ప్రొటీన్ చెదిరిపోయి అసలు రంగు బయటపడుతుంది.

సీరంలో వేసేది మాత్రం సాధారణంగా హెమటోకోకస్ ప్లూవియాలిస్ అనే మంచినీటి నాచు నుంచి తీస్తారు. అది మామూలుగా ఆకుపచ్చగానే ఉంటుంది. ఎండ మండిపోయి, నీటిలో పోషకాలు కరువైతే గట్టి గూడు కట్టుకుని, లోపల ఈ ఎర్ర రంగును నింపుకుని ప్రాణం కాపాడుకుంటుంది. కథ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ నాచును కాపాడింది కాబట్టి మన బుగ్గనూ అంతే కాపాడుతుందని అనుకోవడానికి లేదు.

ఆ 6000 రెట్లు సింగ్లెట్ ఆక్సిజన్ అనే, కణాలకు హాని చేసే ఒక్క దుడుకు రకం ఆక్సిజన్‌ను అణచడంలో, అదీ పరీక్షనాళికలో తేలిన లెక్క. పరుగు పందెంలో గెలిచాడని వంటకు పిలిచినట్టుంది. విటమిన్ సి చేసే పనులు వేరు. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ గట్టిపడటానికి అది కావాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీలో కీలకమైన టైరోసినేజ్ ఎంజైమ్‌ను కూడా నెమ్మదింపజేస్తుంది. మంగు మచ్చల మీద ఆశ పెట్టుకునేవారికి ఈ రెండో పనే ముఖ్యం. వదిన బాధ కూడా మంగే.

విటమిన్ సితో తలనొప్పులు లేకపోలేదు. ఆస్కార్బిక్ ఆమ్లం రూపంలో అయితే 10 నుంచి 20 శాతం ఉండాలి, పులుపును కొలిచే పీహెచ్ 3.5 కంటే తక్కువగా, అంటే బాగా పుల్లగా ఉంటేనే చర్మంలోకి బాగా దిగుతుంది. అంత పులుపు కొందరికి చురుక్కుమంటుంది. పైగా గాలికీ వెలుగుకూ తొందరగా పాడవుతుంది. ఒక వేసవిలో నేను సీసాను కిటికీ గట్టు మీద వదిలేశాను. నెల తిరగకుండానే టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. తప్పు సీసాది కాదు, నాదే. విటమిన్ ఇ, ఫెరూలిక్ ఆమ్లం కలిపినవి కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఎర్ర సీసా నూనెలో కరిగే సరుకు, చురుక్కుమనదు. పొడి చర్మానికి హాయిగా ఉంటుంది. అయితే దాని మీద మనుషుల్లో జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం మింగే గుళికలవే. రోజుకు 4 నుంచి 12 మిల్లీగ్రాములు ఇచ్చి, కొద్దిమందిలో తేమ, సాగుదల కొంత మెరుగుపడినట్టు చూశారు. వాటిలో చాలావాటికి ఖర్చు పెట్టింది తయారీదారులే. ముఖానికి రాసుకుంటే ఎంత మేలో చెప్పే ఆధారం పలచన. ఇదీ వెలుగుకు పాడయ్యేదే. నా తెల్ల దిండు గలీబుకు అంటిన నారింజ మరక మూడు ఉతుకులకు గానీ పోలేదు.

అందుకే ఒక్కటే కొనగలిగితే నా ఓటు విటమిన్ సికే. ఏది రాసినా మండే చర్మమైతే ఎరుపు వైపు వెళ్లండి, మచ్చలు పోతాయని మాత్రం ఆశించకండి. నేను రోజూ స్కూటరు మీద ఛత్రపురం వెళ్లి వస్తాను. ఆ ఎండకు ఈ రెండూ చాలవు. సన్‌స్క్రీన్ రాయకుండా ఏ సీరం రాసినా చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే. డబ్బు తక్కువైతే ముందు అదే కొనాలి. మంగు ముదిరితే చర్మ వైద్యులకు చూపించుకోవాలి.

వదిన చిన్న విటమిన్ సి సీసా తెప్పించుకుని, నేను చెప్పినట్టే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టిందట. మొన్న అన్నయ్య దాన్ని ఎసెన్స్ అనుకుని పాయసంలో రెండు చుక్కలు వేయబోయాడు.