పదకొండేళ్ల వాడకంలో నా 125 సీసీ బండి: వేడెక్కితేనే బయటపడిన లోపం

2014లో కొన్న ఈ 125 సీసీ కార్బురేటర్ బండిని కర్నూలు నుంచి ఓర్వకల్లు మీదుగా నంద్యాల వరకు తరచూ నడుపుతూ ఇప్పటికి 1,08,000 కిలోమీటర్లు దాటించాను. మైలేజీ లీటరుకు 55కు తగ్గలేదు, ఇంజన్ విప్పవలసిన పని రాలేదు, చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, టైర్లు అరిగినప్పుడు మార్చుకోవడం తప్ప పెద్ద ఖర్చు పెట్టలేదు. అందువల్ల ఈ సమీక్షను దాదాపు మొత్తం ఒకే ఒక లోపానికి కేటాయిస్తున్నాను. నన్ను నాలుగు నెలలు తిప్పలు పెట్టిన ఆ లోపం ఏ బండికైనా రాగలదు.

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటి నంద్యాల వైపు వెళ్తుండగా బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ నొక్కితే ఇంజన్ తిరుగుతోంది, హారన్ మోగుతోంది, ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది. అయినా ఎన్ని కిక్కులు కొట్టినా అంటుకోలేదు. వేపచెట్టు నీడలో అరగంట నిలబెట్టిన తర్వాత మాత్రం, ఏమీ జరగనట్టు మొదటి కిక్కుకే స్టార్ట్ అయింది. ఆ వేసవిలో ఇలా ఐదుసార్లు జరిగింది.

మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి చల్లారిపోయేది. "బాగానే ఉంది కదా సార్" అని ఆయన అనేవారు, ఆ క్షణంలో అది నిజం కూడా. ఒకసారి కార్బురేటర్ కడిగి ప్లగ్ మార్చారు, మరోసారి సీడీఐ (ప్లగ్‌లో రవ్వ వేయించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చారు. రెండింటికీ కలిపి 2,300 రూపాయలు అయ్యాయి గానీ లోపం అలాగే ఉండిపోయింది. కళ్లెదుట లేని జబ్బును ఎవరైనా ఊహతోనే వెతకాలి కాబట్టి ఆయనను తప్పుపట్టలేను. బండి ఆగిన చోటనే, ఆగిన వేడిలోనే పరీక్షించాలని అప్పుడు నాకు అర్థమైంది.

మొదట గమనించవలసింది బండి ఏ తీరుగా ఆగింది అన్నది. పెట్రోలు అందకపోతే ఇంజన్ సాధారణంగా కొంత దూరం ముక్కుతూ, కుదుపులు ఇస్తూ, వేగం తగ్గి ఆగుతుంది. కరెంటు తెగిపోతే తాళంచెవి తిప్పినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. నా బండి రెండో తీరులో ఆగేది. అయినా నిర్ధారణ కోసం ట్యాంకు మూత తెరిచి చూశాను. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే లోపల గాలి పీడనం తగ్గి పెట్రోలు కిందికి దిగదు, మూత తెరవగానే బుస్సుమని శబ్దం వస్తుంది. నాకు ఆ శబ్దం రాలేదు. కార్బురేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా వచ్చింది. దాంతో ఇంధనం మీద అనుమానం తీరింది.

తర్వాతిది ప్లగ్ పరీక్ష. కాలుతున్న ఇంజన్ నుంచి ప్లగ్ విప్పడం చేతులకు ప్రమాదం, ఆ రంధ్రంలో నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి నిప్పు అంటుకోవడం మరింత ప్రమాదం. అందుకే ఒక అదనపు ప్లగ్ వెంట పెట్టుకుని, పాతదాన్ని దాని చోటనే ఉంచి, క్యాప్‌ను మాత్రం అదనపు ప్లగ్‌కు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టాను. నిప్పురవ్వ లేదు. అరగంట ఆగి మళ్లీ కొడితే నీలిరంగు రవ్వ స్పష్టంగా కనిపించింది.

ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్, ఫ్యూజు, హ్యాండిల్ తిప్పినప్పుడు నలిగే వైర్లు చూశాక మిగిలింది పికప్ కాయిల్. ఇంజన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ మీది గుబ్బ ఈ కాయిల్ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ చిన్న కరెంటు పుట్టి, ఎప్పుడు రవ్వ వేయాలో సీడీఐకి తెలుపుతుంది. అది ఇంజన్ ఎడమ కవరు లోపల వేడిలోనే ఉంటుంది. అయితే దాని వైర్లు సీడీఐ దగ్గరి సాకెట్ వరకు వస్తాయి కనుక, కవరు విప్పకుండా సాకెట్ ఊడదీసి మల్టీమీటరుతో కాయిల్ నిరోధాన్ని (ఓంలలో) కొలవవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: మొదటిసారి మీటరును 200 ఓంల దగ్గర పెట్టి, తెర మీద 1 కనబడగానే కాయిల్ తెగిపోయిందని పొరబడ్డాను. కొలత 200 దాటినా ఆ మీటరు అదే అంకె చూపిస్తుంది. 2000 దగ్గర పెట్టి కొలిస్తే చల్లని కాయిల్ 210 ఓంలు చూపింది. రోడ్డు మీద బండి ఆగిన నిమిషంలో కొలిస్తే, అదే 2000 దగ్గర కూడా 1 చూపింది. లోపలి సన్నని రాగి తీగ ఎక్కడో చిట్లి, వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తోందన్నమాట.

వేడికి కొలత కొంత పెరగడం లోపం కాదు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. కొత్త కాయిల్ చల్లగా ఉన్నప్పుడు 205, ఎండలో 40 కిలోమీటర్లు నడిపిన తర్వాత 240 చూపింది.

బండి తయారుచేసినవారి మీద నా ఫిర్యాదు ఇక్కడే. పికప్ కాయిల్ విడిగా దొరకలేదు, కాయిల్ ప్లేటు మొత్తం కొనవలసి వచ్చింది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ ఓంల కొలత లేదు. ప్లేటు, కవరు ప్యాకింగ్, ఇంజన్ ఆయిల్, కూలి కలిపి 1,900 రూపాయలు అయ్యాయి. ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ లేదు. అక్కడ పికప్ కాయిల్ పనిని క్రాంక్ సెన్సార్ చేస్తుంది, మీటరు బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగవచ్చు, కానీ వేడికి తెగి చల్లారాక కలిసే గుణం ఆ సెన్సారుకూ రావచ్చు. నా బండి లాంటి పాతదాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు పొద్దున్నే చల్లని ఇంజన్ మీద చూసి తృప్తిపడవద్దు. మధ్యాహ్నం 30 కిలోమీటర్లు నడిపి, ఆపి, పది నిమిషాలు ఎండలోనే ఉంచి మళ్లీ స్టార్ట్ చేయండి; గాలి తగలక కాయిల్ బాగా వేడెక్కేది ఆ పది నిమిషాల్లోనే.