కారు మీద తుప్పు చుక్క: గీకి పెయింట్ వేయడమా, కన్వర్టర్ పూయడమా?

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆరుబయట నిలిపే కార్లకి తుప్పు తొందరగా పడుతుంది. ముఖ్యంగా రాయి తగిలి పెయింట్ లేచిన బానెట్ అంచు, చక్రం మీది ఫెండర్ వంపు, తలుపుల అడుగు చూసుకోవాలి. చుక్క రూపాయి బిళ్ల కంటే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. ఎమరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకి ప్రైమర్, పెయింట్ వేయడం ఒక పద్ధతి. గీకే శ్రమ లేకుండా రస్ట్ కన్వర్టర్ (తుప్పుని వేరే పదార్థంగా మార్చే మందు) పూసి, దాని మీదే పెయింట్ వేసేయడం ఇంకో పద్ధతి. నా ఓటు గీకడానికే. కన్వర్టర్ అవసరం కూడా ఉంటుంది, కానీ డబ్బా మీద రాసినంత కాదు.

కన్వర్టర్‌లో టానిక్ ఆమ్లం గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ ఉంటుంది. టానిక్ ఆమ్లం రకం పూస్తే నారింజ రంగు చుక్క కాసేపట్లో నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది. తుప్పు ఐరన్ టానేట్‌గా మారడం వల్ల వచ్చే రంగు అది. అక్కడితో పని అయిపోయిందనుకుంటేనే చిక్కు. మందు తాకిన మేరకే తుప్పు మారుతుంది. పొర మందంగా ఉంటే పైన నల్లగా కనిపించినా అడుగున ఎర్ర తుప్పు అలాగే ఉంటుంది. తుప్పుగా మారిన ఇనుము అంతకు ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కొత్త పెయింట్‌ని కొన్నాళ్లకే పొక్కులా పైకి లేపుతుంది. అందుకే కన్వర్టర్ వాడేవాళ్లు కూడా ముందు వైరు బ్రష్‌తో రాలేదంతా రాల్చాలి. శుభ్రమైన రేకు మీద అది పూసి లాభం లేదు, పని చేయడానికి దానికి తుప్పు ఉండాలి.

గీకడంలో ఆ అనుమానం ఉండదు. ఎంత పోయిందో కంటికి కనిపిస్తుంది. 80 నంబర్ పేపర్‌తో తుప్పు తీసి, 180తో ఆ గీతలు తగ్గించి, 320తో చుట్టూ ఉన్న పెయింట్ అంచుని పలచగా జారుడు చేయాలి. వేలు పెట్టి నిమిరితే మెట్టు తగలకూడదు. కారు రేకు మందం సుమారు 0.7, 0.8 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి గ్రైండర్ జోలికి పోవద్దు. చేత్తోనే, మాస్కు కట్టుకుని చేయండి.

ఇక కన్వర్టర్ నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే, గీకాక మెరిసే రేకు మధ్యలో సూదిమొనంత నల్లటి చుక్కలు మిగులుతాయి చూడండి, అక్కడ. అవి మరకలు కావు, గుంటల్లో దాగిన తుప్పు. పేపర్ వాటిలోకి దిగదు. సన్నటి బ్రష్‌తో ఆ చుక్కలకే మందు అద్దాలి. కొన్ని రకాల్ని ఆరాక కడగాలి, కొన్నిటిని అలాగే వదిలేయాలి. ఏ ప్రైమర్ కింద వాడొచ్చో కూడా డబ్బా మీద ఉంటుంది, అది చదవకుండా మొదలుపెట్టకండి.

ప్రైమర్ విషయంలో మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఇంట్లో గేటుకి వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ కారుకి వాడొద్దు. అది మెల్లగా ఆరే రకం. దాని మీద ఘాటైన థిన్నర్ కలిపిన కారు పెయింట్ పడితే ముడతలు లేస్తుంది. ఎపాక్సీ ప్రైమర్ మేలు. గుంట నింపాల్సి వస్తే లప్పం కూడా ఎపాక్సీ పైనే పెట్టండి. లప్పం తేమ పీలుస్తుంది, ఉత్త రేకు మీద పెడితే దాని కిందే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

గీకిన రోజే ప్రైమర్ పడాలి. తీరం గాలికి ఉత్త రేకు కొన్ని గంటల్లోనే ఎర్రబారుతుంది. ముసురు పట్టిన రోజున పెయింట్ స్ప్రే చేస్తే తేమకి పాలిపోయినట్టు తెల్లబడుతుంది. మే ఎండలో కాలిపోతున్న రేకు మీద వేస్తే పరుచుకునేలోపే ఆరి, నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. డిసెంబర్, జనవరిలో మంచు ఆరిపోయాక, నీడలో చేసుకుంటే టెన్షన్ ఉండదు.

రంగు కలవడం కారుని బట్టి ఉంటుంది. కలర్ కోడ్ సాధారణంగా తలుపు పక్క పిల్లర్ మీదో, బానెట్ లోపలో ఉండే ప్లేటు మీద దొరుకుతుంది. మామూలు తెలుపు, ఎరుపు బాగానే కలుస్తాయి. సిల్వర్, మెటాలిక్ గ్రే అయితే కోడ్ సరిపోయినా అతుకు తెలుస్తుంది. బానెట్ నడిమధ్యలో మచ్చ ఉండి, అది కనబడకూడదంటే ప్యానెల్ మొత్తం పెయింట్ వేయించుకోవాల్సిందే.

పెయింట్ పగలకుండా పొక్కు లేచి ఉంటే మాత్రం రెండు పద్ధతులూ పనికిరాకపోవచ్చు. ఆ తుప్పు చాలాసార్లు రేకు లోపలి వైపు నుంచి తినుకుంటూ వస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే టింకరింగ్ మేస్త్రికి చూపించాలి. లప్పంతో మూసేస్తానంటే ఒప్పుకోవద్దు. పాడైన భాగం కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, లోపలి వైపు కూడా తుప్పు పట్టకుండా కోటింగ్ వేయమని ముందే అడగండి.