1948 ఫస్ట్ ఫ్లైట్ కవర్లు కొనేవాళ్లూ, జాగ్రత్త!

వాట్సాప్ వేలం గ్రూపులో వారం వారం ఎయిర్‌మెయిల్ కవర్లు పెట్టే ఆ డీలర్ ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయడం లేదు. ఆయన దగ్గర ఇంకో కవరు కొనేముందు మాత్రం ఇది చదవండి.

1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ మొదటి విమానం మలబార్ ప్రిన్సెస్ బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ వెళ్లింది కదా, ఆ విమానంలో వెళ్లిన కవరు, అంటే ఫస్ట్ ఫ్లైట్ కవరు, కోసం ఎప్పటినుంచో వెతుకుతున్నాను. స్టాంపుల ఎగ్జిబిషన్‌లో షీట్ల మీద అమర్చి పెట్టే నా ఎగ్జిబిట్ అక్కడ మొదలై 1960 మేలో బోయింగ్ 707 మీద న్యూయార్క్ సర్వీసు దాకా సాగుతుంది. మధ్యలో అన్నీ ఉన్నాయి, మొదటి షీటే ఖాళీ. ఈ డీలర్ అలాంటి కవరు ఫొటో గ్రూపులో పెట్టారు. 12 అణాల స్టాంపు, దాని మీద బొంబాయి ముద్ర, పక్కన ఫస్ట్ ఫ్లైట్ ముద్ర. "లండన్‌లో ఒక పెద్దాయన కలెక్షన్‌లోంచి వచ్చింది సార్. డౌటొస్తే వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తా" అన్నారు. 18,000 రూపాయలు యూపీఐలో పంపాను.

కవరు చేతికొచ్చాక లెన్స్ పెట్టి చూశాను. స్టాంపు అసలుదే, అందులో అనుమానం లేదు. కానీ ముద్ర గుండ్రం స్టాంపు అంచు దగ్గర ఆగిపోయింది. కాగితం మీద మళ్లీ మొదలైన చోటు కాస్త కిందికి జారి ఉంది, ఇంకు కూడా మరో రకం నలుపు. అంటే ఎక్కడో వాడిన స్టాంపును ఊడదీసి ఇక్కడ అంటించి, మిగతా సగం గుండ్రం గీశారు. ఫస్ట్ ఫ్లైట్ ముద్ర ఇంకా ఘోరం. రబ్బరు ముద్ర వేస్తే ఇంకు గీతల అంచులకు ఒత్తుకుపోయి చిక్కగా కనిపిస్తుంది. ఇక్కడ సన్నసన్నని నీలం, గులాబీ, పసుపు చుక్కలు. ప్రింటర్‌లోంచి తీసింది! ఆఖర్న యూవీ టార్చ్ వేస్తే కవరంతా తెల్లగా, నీలంగా వెలిగిపోయింది. కాగితానికి అలా మెరుపునిచ్చే రసాయనాలు కలపడం బాగా పెరిగింది 1950ల నుంచి. 1948 నాటి కవరు అలా వెలిగితే అనుమానించాల్సిందే.

ఫోన్ చేసి ఇవన్నీ మర్యాదగానే చెప్పాను. ఆయన ఒక్కటీ కాదనలేదు. "మీరు ఎగ్జిబిషన్‌కే కదా సార్ తీసుకున్నది? ఫ్రేములో పెట్టేయండి. అద్దం వెనక ఉన్నదాన్ని జడ్జి లెన్స్ పెట్టి చూస్తాడా?" అన్నారు. డబ్బు వెనక్కి ఇస్తానన్నారు కదా అంటే, "వద్దనుకుంటే చెప్పండి, కొత్తగా చేరిన కుర్రాళ్లున్నారు, నేనే అమ్మిపెడతా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. నకిలీ అమ్మడం ఒక ఎత్తు. దాన్ని నా చేత జడ్జిల ముందు పెట్టించాలని చూడటం, అదీ కాకపోతే నిన్నగాక మొన్న ఈ హాబీలోకి వచ్చిన పిల్లల మెడకు చుట్టాలని చూడటం! ఇప్పుడు ఆయన నా నంబరు బ్లాక్ చేశారు, గ్రూపులోంచి తీసేశారు. డబ్బు రాలేదు.

ఎగ్జిబిట్ పెట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదని తెలుసు. ఎగ్జిబిషన్‌లో ఎయిర్‌మెయిల్ విభాగానికి మొత్తం 100 మార్కులైతే, మనకెంత తెలుసు, ఎంత పరిశోధించాం అన్నదానికే 35. అనుమానమున్న కవరు పెడితే అనుమానమని షీటు మీద రాయాలి. రాయకుండా పెట్టి దొరికితే మార్కులతో పాటు పరువూ పోతుంది. పైగా ఆ ఫ్రేముల ముందు నిలబడి నోట్సు రాసుకునే పిల్లలుంటారు. వాళ్లు దాన్నే అసలు అనుకుని నేర్చుకుంటారు. నాకు 18,000 పోయినదానికంటే ఎక్కువ మండుతున్నది అక్కడే.

కొనేముందు వెనకవైపు ఫొటో, స్టాంపు అంచు దగ్గర క్లోజప్ అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ఖరీదైనదైతే నిపుణుల సర్టిఫికెట్ లేకుండా తీసుకోకండి. తేదీలు కూడా చూసుకోండి: గాంధీ స్టాంపులు వచ్చింది 1948 ఆగస్టు 15న, కాబట్టి జూన్ కవరు మీద అవి ఉండవు. నయా పైసల స్టాంపులు 1957 ఏప్రిల్ 1 నుంచే. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టుకు ముందుది కాదు.

ఆయన దగ్గర ఈ మధ్య 1948 కవర్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఈరోజే లెన్స్ పెట్టి చూడండి. పోల్చుకోవడానికి నా కవరు స్కాన్ రెండువైపులా తీసి పెట్టాను, అడిగినవాళ్లకు పంపుతాను. అందరం కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం.