కారు గడపకు వెలుగు పట్టీలు: కడప ఎండల్లో మూడేళ్ల వాడకం తరువాత

తలుపు తీయగానే గడప మీద వెలిగే స్టీలు పట్టీలను మా సెడాన్ కారుకు నా చేతులతోనే బిగించుకొని మూడేళ్లు దాటింది. ఈ కాలంలో బండి ఎక్కువగా తిరిగింది కడప ఊళ్లోనూ, ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు దారుల్లోనూ కాబట్టి, నాపరాయి గనుల దుమ్మూ, సిమెంటు లారీలు లేపే దుమ్మూ, నలభై డిగ్రీలు దాటే ఎండా, నవంబరు వానల్లో బురద కాళ్లూ అన్నీ ఈ పట్టీల మీదుగానే లోపలికి వచ్చాయి. ఇంత వాడిన మీదట ఒక్క మాట గట్టిగా చెప్పగలను. కరెంటును ఎక్కడి నుంచి తీసుకున్నాం, తీగను ఏ దారిన నడిపించాం, అంటించే ముందు గడపను ఎంత శుభ్రం చేశాం అన్నదే ఈ పట్టీల మన్నికను తేలుస్తుంది. పట్టీ ఖరీదుకు అందులో పాత్ర తక్కువ.

దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి బండి కరెంటుతో వెలిగేది, రెండోది తనలోని చిన్న బ్యాటరీతో వెలిగేది. రెండో రకానికి తీగల పని లేదు. పట్టీ లోపల అయస్కాంతానికి స్పందించే చిన్న స్విచ్చి ఉంటుంది, తలుపు అంచుకు ఒక అయస్కాంతం ముక్క అంటిస్తారు. తలుపు మూసినప్పుడు అది దగ్గరికి వచ్చి దీపాన్ని ఆర్పుతుంది, తెరిచినప్పుడు దూరమై వెలిగిస్తుంది. వినడానికి ఎంతో సులువుగా ఉన్నా, మా బావమరిది బండికి వేయించుకున్న ఈ రకం పట్టీల్లో మొదటి ఎండాకాలంలోనే ఒక తలుపు అయస్కాంతం జిగురు మెత్తబడి జారిపోయింది. ఇక తలుపు మూసినా దీపం ఆరే దారి లేక, లోపలి బ్యాటరీ అయిపోయే దాకా వెలుగుతూనే ఉంది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి వేడి కంటే ఇరవై డిగ్రీలు ఎక్కువగా ఉండడం మన దగ్గర మామూలే కనుక, చిన్న బ్యాటరీలను గడపలో పెట్టి మరిచిపోవడం కుదరదు. నేను తీగల రకాన్నే ఎంచుకున్నాను, ఈ రోజు మళ్లీ కొన్నా దాన్నే కొంటాను.

కొనేటప్పుడు అన్ని బండ్లకూ సరిపోతుందని చెప్పే తిన్నని పట్టీని తీసుకోవద్దు. ముందు తలుపుల గడప ఇంచుమించు తిన్నగా ఉంటుంది గానీ, వెనుక తలుపు గడప చక్రం మీది గుండ్రటి భాగం వైపు వంపు తిరుగుతుంది. తిన్నని పట్టీ అక్కడ ఒక కొన పైకి లేచి నిలుస్తుంది, ఎక్కే వారి కాలికి, చీర అంచుకు తగులుతుంది. మన మోడల్‌కే చేసిన పట్టీ అయినా మందం చూసుకోవాలి. అంటించక ముందు పట్టీని ఊరికే గడప మీద ఉంచి, తలుపు బీడింగు (చుట్టూ ఉండే రబ్బరు అంచు) పడే చోట ఒక కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి ఆ కాగితాన్ని లాగి చూడాలి. గట్టిగా పట్టుకొని వస్తే బీడింగు సరిగా కూర్చుంటోందని అర్థం. వదులుగా వచ్చేస్తే పట్టీ బీడింగును ఎత్తుతోందన్న మాట. అలాగే అంటిస్తే దుమ్ము, గాలి శబ్దం, వాన నీరు మూడూ లోపలికి వస్తాయి. గడప పొడవునా అక్కడక్కడా ఇలా చూసుకుంటూ పోయి, పట్టీ కూర్చోవలసిన గీతను పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను.

కరెంటు సంగతి ఇందులో అన్నిటికంటే పెద్దది. పాత బండ్లలో రూఫ్ లైటుకు ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది; తలుపు తెరిస్తే డోర్ స్విచ్చి మైనస్ వైపు ఎర్త్‌ను కలుపుతుంది, దీపం వెలుగుతుంది. అలాంటి బండిలో పట్టీ ప్లస్ తీగను ఫ్యూజు ఉన్న నిత్య కరెంటుకు, మైనస్ తీగను డోర్ స్విచ్చి తీగకు కలిపితే పని అయిపోతుంది. ఇప్పటి బండ్లలో చాలావాటికి స్విచ్చి తలుపు లాక్‌లోనే ఉండి, తలుపు తెరిచిన సంగతిని బీసీఎం అనే కంట్రోల్ పెట్టెకు సంకేతంగా మాత్రమే పంపుతుంది. ఆ సన్నని తీగలో నడిచేది అతి తక్కువ కరెంటు. దానికి దీపాన్ని తగిలిస్తే, తలుపు మూసినా తెరిచి ఉన్నట్టు మీటరులో గుర్తు వెలగడం, సెంట్రల్ లాక్ పడకపోవడం వంటి చిక్కులు రావచ్చు. అందుకని బీసీఎం నుంచి రూఫ్ లైటుకు వెళ్లే తీగ దగ్గరే కలుపుకోవడం మేలు. కడపలో ఏడు రోడ్ల దగ్గర ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఏ తీగ ఏదో అడిగితే, ఆయన రంగుల పేర్లు చెప్పలేదు. "ముందు మీటరు పెట్టి సూడన్నా, ఆ తర్వాతే వైరు ముట్టుకో" అన్నాడు. తీగల రంగులు మోడల్‌కూ, తయారైన ఏడాదికీ మారుతుంటాయి కనుక అంతకు మించిన సలహా లేదు. మల్టీమీటర్‌తో, తలుపు తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి, లైటు మెల్లగా ఆరిపోయే క్షణాల్లో ఒకసారి వోల్టేజి చూసుకొని తీగను గుర్తించాను.

రూఫ్ లైటు తీగ నుంచి తీసుకోవడం వల్ల రెండు లాభాలు ఉన్నాయి. రూఫ్ లైటు నెమ్మదిగా ఆరుతున్నప్పుడు పట్టీలు కూడా దానితో పాటే నెమ్మదిగా ఆరుతాయి, చూడడానికి కంపెనీ అమరికలాగే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది, తలుపు తెరిచి ఉంచి గంటల తరబడి బండి కడిగినా, బ్యాటరీని కాపాడడానికి కొంతసేపటికి రూఫ్ లైటును ఆపేసే ఏర్పాటు పట్టీలకు కూడా వర్తిస్తుంది. నాలుగు పట్టీలూ కలిసి 0.2 ఆంపియర్లు లాగుతాయని అనుకుంటే, ఆపే ఏర్పాటు లేని కనెక్షన్‌లో ఒక రోజుకు 4.8 ఆంపియర్-అవర్లు పోతాయి. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నాలుగు రోజులు తిరగకుండానే సగం ఖాళీ అవుతుంది. ఒక పరిమితి మాత్రం ఉంది. ఈ పద్ధతిలో ఏ తలుపు తీసినా నాలుగు పట్టీలూ వెలుగుతాయి. ఒక్కో తలుపుకు విడివిడిగా వెలగాలనుకునే వారికి ఇది నచ్చకపోవచ్చు, నాకు ఇబ్బంది అనిపించలేదు.

బిగించిన మొదటి రాత్రి తలుపులన్నీ మూసి లాక్ చేసిన తరువాత అద్దంలోంచి చూస్తే పట్టీ మీద వెలిగే అక్షరాల్లో సన్నని వెలుగు మిగిలి ఉంది. బీసీఎం ఆరిన తీగలోనూ కొద్దిపాటి కరెంటును వదులుతుంటుంది. ఫిలమెంటు బల్బు ఆ కాస్త కరెంటుకు కదలదు గానీ ఎల్‌ఈడీ మినుకుమంటుంది. పట్టీ రెండు తీగల మధ్య 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టర్ ఒకటి పెడితే ఆ కరెంటు దాని గుండా పోయి ఎల్‌ఈడీ పూర్తిగా ఆరిపోయింది. ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఏ కొట్టులోనైనా ఇది చిల్లర డబ్బులకే దొరుకుతుంది. ఈ సమస్యను పట్టీ లోపమని భావించి తిరిగి ఇచ్చేసిన వారు ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తీగను కలిపేటప్పుడు, నొక్కితే కరిచి పట్టే నీలం ప్లాస్టిక్ క్లిప్పుల జోలికి నేను పోలేదు. అవి తీగ పోగులను కొన్నిటిని కోస్తాయి, గతుకుల్లో వదులవుతాయి. సోల్డరింగ్ చేసి, వేడి తగిలితే ముడుచుకొని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించి, పైన బట్ట టేపు చుట్టాను. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండకు జిగురు కక్కి, చుట్ట విప్పుకొని, చుట్టుపక్కల ఉన్న తీగలన్నిటికీ అంటుకుంటుంది. బట్ట టేపు మూడు వేసవుల తరువాత విప్పి చూసినా మొదటి రోజులాగే ఉంది. కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగా 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టాను. ఫ్యూజు కాపాడేది తీగను కనుక, అది పట్టీ దగ్గర కాక మొదట్లోనే ఉండాలి. ప్రతి పట్టీ దగ్గరా తీగను విప్పి మళ్లీ తగిలించుకునే చిన్న కప్లర్ కూడా పెట్టుకున్నాను.

గడప ట్రిమ్ (గడప మీది ప్లాస్టిక్ మూత) ఊడదీసే వారు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ ప్లాస్టిక్ కింద నుంచే చాలా బండ్లలో గుద్దుకున్నప్పుడు సీటు బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌కూ, పక్క ఎయిర్‌బ్యాగులకూ పోయే తీగలు ఉంటాయి. వాటి కప్లర్లకో, తొడుగుకో పసుపు రంగు ఉంటుంది. వాటిని విప్పకూడదు, టెస్ట్ ల్యాంపుతో తాకకూడదు, వాటికి మన తీగను కట్టకూడదు. పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ విప్పి, కొన్ని నిమిషాలు ఆగాలి. ట్రిమ్‌ను ట్రిమ్ లేపే ప్లాస్టిక్ పనిముట్టుతో ఒక కొన నుంచి క్లిప్పు తరువాత క్లిప్పుగా పైకి లేపాలి. స్క్రూడ్రైవర్ పెడితే పెయింటు లేస్తుంది. తీగ కోసం రంధ్రం పెట్టాల్సి వస్తే ట్రిమ్‌ను పూర్తిగా బయటికి తీసిన తరువాతే పెట్టాలి. వారంటీలో ఉన్న బండికి తీగ కోస్తే ఎలక్ట్రికల్ క్లెయిము దగ్గర పేచీ రావచ్చు కనుక, అలాంటి వారు కంపెనీ యాక్సెసరీగా ఇచ్చే ప్లగ్ రకాన్ని చూసుకోవడం మంచిది.

అంటించే పని వేసవి మధ్యాహ్నం చేయదగినది కాదు. త్రీఎం వీహెచ్‌బీ వంటి, రెండు వైపులా అంటుకునే అక్రిలిక్ టేపులకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య అంటించడం అనువైనది; మే నెలలో మన దగ్గర నీడలోని గాలి కూడా అంతకంటే వేడిగా ఉంటుంది. ఉదయపు చల్లదనంలో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, గుడ్డకు మరక రానంత దాకా మళ్లీ తుడిచి అంటించాను. డ్యాష్‌బోర్డుకు రాసే మెరుపు ద్రావకాల సిలికాన్ పొర గడప మీద మిగిలితే ఏ టేపూ నిలవదు. గరుకు ప్లాస్టిక్ గడప అయితే టేపుకు ముందు పట్టు పెంచే ప్రైమర్ పూయాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అంతవరకు దాని మీద కాలు పెట్టనివ్వకపోవడం ఇంట్లో పిల్లలున్న చోట కాస్త కష్టమే.

ఇక ఫలితం. నాలుగు పట్టీల్లో మూడు చెక్కుచెదరలేదు. డ్రైవరు వైపు పట్టీ వెనుక కొన, మడమ రాసుకునే చోట, రెండో వేసవి తరువాత సుమారు బొటనవేలి వెడల్పు మేర లేచింది. పాత టేపును పీకి, శుభ్రం చేసి కొత్తది వేశాక నిలిచింది. స్టీలు మీద గీతలు పడ్డాయి. నాపరాయి పొడి మెత్తనిదే గానీ దానితో కలిసి వచ్చే ఇసుక గట్టిది. పొడి గుడ్డతో తుడిస్తే ఆ ఇసుకే ఉప్పు కాగితంలా గీస్తుంది. ముందు నీళ్లు చల్లి, ఇసుకను కడిగేసి, తరువాతే తుడవాలి. అక్షరాల మీది పారదర్శక పొర ఎండ తగిలే వైపు కాస్త పసుపెక్కింది, తెలుపు వెలుగు అక్కడ లేత గంధం రంగులో కనిపిస్తోంది. దీపాల్లో ఒక్కటి కూడా చావలేదు.

ఉపయోగం విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఈ పట్టీ గడప అంచును చూపిస్తుంది, నేలను చూపించదు. వీధి దీపాలు లేని పల్లెలో దిగేటప్పుడు కింద రాయి ఉందో, బురద ఉందో తెలియాలంటే తలుపు అడుగున కిందికి వెలిగే దీపం వేరే కావాలి. అయితే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు, కాలు ఎంత ఎత్తు లేపాలో చీకట్లో కనిపించడం నిజంగానే పనికి వచ్చింది. ఇదివరకు ఆమె చేత్తో గడపను తడిమి చూసుకొని ఎక్కేది. ఈ పనికి తెలుపు వెలుగే మంచిది, నీలం వెలుగులో అంచు స్పష్టంగా తెలియదు.

డ్రైవరు వైపు పట్టీని ఈసారి మార్చాలని అనుకుంటున్నాను, గీతలు అక్కడే ఎక్కువ. కప్లర్ ఉన్నందున ట్రిమ్ కింది తీగలను ముట్టుకోవలసిన పని లేదు. చేపలు పట్టే నైలాన్ దారాన్ని టేపు కింద రంపంలా లాగి పట్టీని లేపి, కప్లర్ విప్పి కొత్తది తగిలిస్తే చాలు. కొట్టులో విడిగా ఒక్క పట్టీ ఇవ్వరు, జతగానే అమ్ముతారు కనుక ముందు తలుపులు రెండిటికీ ఒకేసారి మారుస్తాను.