పికప్ బండి లాగడం లేదా? టర్బో విప్పడమా, హోసులు చూడడమా, పంపు పనా: ఏది మేలు?

బొలెరో పికప్ లాంటి కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే) డీజిల్ బండి టన్ను లోడుతో ఎత్తు ఎక్కలేక సెకండ్ గేరుకు దిగిపోతుంటే షెడ్డులో మొదట వినిపించేవి రెండే మాటలు: "టర్బో పోయింది", "పంపు పని చేయించాలి". టర్బో ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది, పంపు డీజిల్‌ను ఒత్తి పంపేది. రెండూ జేబుకు చిల్లు పెట్టే పనులే. లోపమేమో చాలాసార్లు చీలిన హోసులోనో, మూసుకుపోయిన ఫిల్టర్‌లోనో ఉంటుంది. అందుకే పానా పట్టకముందే స్కానర్ (ఇంజన్ కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) పెట్టి బండిని లోడు మీద నడిపి చూడడం అన్నిటికన్నా మేలు.

దానికీ ముందు రెండు నిమిషాల పని ఉంది. ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. ముందు ఖాళీ ఉన్నచోట హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి, నాలుగో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజన్ వెంటనే ఆగిపోతుంది, ప్లేటు అరిగితే తిరుగుతూనే ఉంటుంది. ఒక్కసారికి మించి చేయొద్దు, ప్లేటు మాడుతుంది. కాస్త దూరం నడిపాక ఒక చక్రం హబ్బు మాత్రమే సెగలు కక్కుతుంటే ఆ బ్రేకు పట్టేసింది. యాక్సిలరేటర్ కింద మ్యాట్ అడ్డుపడుతోందేమో కూడా చూడండి.

స్కానర్ దగ్గరికి వద్దాం. మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి 3000 దాటేదాకా అడుగంటా తొక్కాలి. రీడింగులు పక్క సీటులో ఉన్నవాళ్లు చూడాలి, డ్రైవర్ కాదు. చూడాల్సినవి రెండు జతలు: ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) అడిగిన బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), వచ్చిన బూస్ట్; అడిగిన రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి), వచ్చిన రైల్ ప్రెషర్. బూస్ట్ వెనకబడి రైల్ సరిగా ఉంటే లోపం గాలి దారిలో. రైల్ పడిపోతుంటే డీజిల్ దారిలో. ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు) రైల్ 300 బార్ అటూ ఇటూ ఉంటే చాలు, ఫుల్ లోడులో వెయ్యి దాటాలి. కాబట్టి షెడ్డులో నిలబెట్టి చూసి "ప్రెషర్ బాగానే ఉంది" అంటే లెక్కలోకి రాదు. సెన్సార్‌నూ నమ్మేముందు పరీక్షించాలి. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో ఉంచితే బూస్ట్ సెన్సార్ బయటి గాలి పీడనమే చూపాలి: విశాఖలో సుమారు 1010 మిల్లీబార్, హైదరాబాద్‌లో సుమారు 950. ఇంకేదో చూపితే ముందు సెన్సార్, దాని కనెక్టర్ చూడండి.

గాలి దారి అని తేలితే హోసులదే మొదటి వంతు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) హోసు క్లాంప్ పక్కన, కంటికి కనపడని అడుగువైపు చీలుతుంది. ఐడిలింగ్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, బూస్ట్ ఎక్కినప్పుడే నోరు తెరుస్తుంది. అప్పుడు ఉస్సుమనే చప్పుడు, వెనక నల్లపొగ. హోసు బయట తడిగా నూనె జిడ్డు మీద దుమ్ము అంటుకున్న చోటే పట్టుకోండి. దొరక్కపోతే టర్బో ఇన్‌లెట్‌కు మూత బిగించి అర బార్ గాలి పట్టించి, సబ్బు నీళ్లు రాయండి. టేపు చుట్టడం దండగ, వేడికీ నూనెకీ ఊడిపోతుంది. హోసు మార్చేటప్పుడే క్లాంపులూ కొత్తవి వేయండి.

హోసులు, ఎయిర్ ఫిల్టర్, యాక్చువేటర్ రాడ్ (టర్బో బూస్ట్‌ను అదుపు చేసే కడ్డీ) అన్నీ బాగున్నాకే టర్బో ఇన్‌లెట్ పైపు విప్పాలి. షాఫ్ట్ పక్కలకు కొంచెం కదలడం మామూలే. ముందుకూ వెనక్కూ కదలడం చేతికి తెలిసినా, రెక్కలు హౌసింగ్‌కు రాసుకున్నా ఆ టర్బో పని అయిపోయినట్టే. హౌసింగులకు పగుళ్లు, గీతలు లేకపోతే బ్యాలెన్స్ చేసిన కోర్ (షాఫ్ట్, రెక్కలు ఉండే మధ్య భాగం) ఒక్కటే మార్చడం మేలు, ఖర్చు బాగా తగ్గుతుంది. రెక్క విరిగి లోపల తిరిగితే పూర్తి టర్బోనే వేయాలి, ఇంటర్‌కూలర్‌లోని ముక్కలూ కడగాలి. ఏది వేసినా ఆయిల్, ఫిల్టర్, టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న పైపు కొత్తవే కావాలి. ఆ పైపులో కార్బన్ పేరుకుని పాత టర్బో ఎండిపోయి ఉంటే, కొత్తదీ అదే దారి పడుతుంది. బిగించాక ఆయిల్ రంధ్రంలో ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాక నిమిషం పాటు రేస్ చేయొద్దు.

డీజిల్ దారి అయితే ఫిల్టర్ ముందు, ఇంజెక్టర్లు తర్వాత. ఫిల్టర్ కింది నుంచి నీళ్లు తీయండి, కొత్త ఫిల్టర్ వేయండి, పారదర్శక పైపు పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. బుడగలుంటే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. అయినా రైల్ పడుతుంటే నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను (మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి) నాలుగు ఒకేలాంటి సీసాల్లో పెట్టి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో నడపండి. ఒక సీసాలో మిగతావాటికి రెట్టింపు డీజిల్ చేరితే ఆ ఇంజెక్టరే దొంగ. నాలుగూ సమానంగా, తక్కువగా ఉంటేనే పంపు మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా హైప్రెషర్ పైపు వదులు చేయొద్దు, ఆ ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది. ఇంజెక్టర్ మార్చాక కొత్త రాగి వాషర్ వేసి, ఇంజెక్టర్ మీదున్న కోడ్ ఈసీఎంలో రాయించాలి. లేకపోతే ఐడిలింగ్ వణుకుతుంది, పొగ పోదు.

ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని బిగుసుకుంటే నల్లపొగతో పాటు లాగుడు తగ్గుతుంది. రేకు పెట్టి మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వద్దు. చెక్ లైట్ వెలిగి బండి లింప్ మోడ్‌లోకి (కంప్యూటరే శక్తి తగ్గించేసే స్థితి) పోతుంది, ఉద్గార నియమాలకూ అది విరుద్ధం. మోటారు వైపు తడవకుండా కార్బన్ క్లీనర్‌తో కడిగి, కొత్త గ్యాస్కెట్ వేస్తే సరిపోతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 బండ్లలోనూ అంతే: లోపల కోసి తీయించకుండా, లైట్ వెలిగినప్పుడు హైవే మీద ఆపకుండా నడిపి మసి కాల్చుకోనివ్వండి. తరచూ సగంలో ఆగిపోతే మండని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి కనిపిస్తే ఆయిల్ మార్చాకే మళ్లీ లోడు ఎక్కించండి.